సముద్రం గుడ్డు లెక్క కృష్ణ గుడ్డుకు ఎందుకు సరిపోదు: ప్లాంక్టన్‌లకెళ్ళి చేప గుడ్లు, పిల్లలు వేరు చేసే పని

జులై, ఆగస్టు నెలల్ల కృష్ణకు కొత్త నీళ్ళొచ్చినప్పుడు జూరాల కింద బీచుపల్లి దగ్గరనో, ఇంకా కిందికి సోమశిల దిక్కో, సన్న కన్నుల ప్లాంక్టన్ వల (ప్లాంక్టన్ అంటే నీళ్ళతోపాటు కొట్టుకపోయే సన్న జీవులు) పారే నీళ్ళకు ఎదురుగ కాసేపు పట్టి, వల కొసకున్న డబ్బాల పడ్డదంతా సీసాల పోసుకొని చూస్తే దాంట్ల ఎక్కువ భాగం బురద, కుళ్ళిన ఆకు ముక్కలు, పాచి ఉంటయ్. తర్వాత సైక్లాప్స్, డాఫ్నియా, రోటిఫర్లు అనే సన్న నీటి జీవులు, నీటి పురుగుల పిల్లలు. ఇవన్నిటి నడుమ ఎక్కడో నాలుగు చేప గుడ్లు, అప్పుడే గుడ్డు పగిలి బయటికొచ్చిన రెండు మూడు చేప పిల్లలు. మనకు కావాల్సింది ఆ ఆరేడే, మిగతాదంతా అడ్డం.

ఆ ఆరేడు ఎందుకంత ముఖ్యం అంటే, చేప ఏ నెలల గుడ్డు పెట్టింది, నది ఏ మలుపు దగ్గర పెట్టింది, ఈ ఏడు ఎక్కువ పెట్టిందా తక్కువ పెట్టిందా అనేది పెద్ద చేపల్ని పట్టి చెప్పుడు కష్టం, గుడ్లు లెక్కపెట్టి చెప్పుడు జర నయం. అమెరికాల కాలిఫోర్నియా తీరం దగ్గర సార్డిన్ చేపలు ఖాళీ అయితే ఎందుకైనయో తెలుసుకుందామని 1949ల కాల్‌కోఫీ అనే సర్వే మొదలుపెట్టిన్రు, అది ఇప్పటికీ నడుస్తనే ఉంది, చేసే పని మాత్రం ఇదే: వల గుంజుడు, సీసాల పోసుడు, గుడ్లు పిల్లలు ఏరుడు, లెక్క రాసుడు. ఏరేటోళ్ళ కష్టం ఏంటంటే మైక్రోస్కోప్ కింద గిన్నెల కొంచెం కొంచెం పోసుకుంట సూదితోని ఒక్కొక్కటి పక్కకు జరపాలె, బురద ఎక్కువున్న సీసా అయితే గంటలు గంటలు పడతది, మెడ పట్టేస్తది, కొంతసేపైనంక ఏది గుడ్డో ఏది గాలి బుడగో కూడ తెల్వకుంట అయితది. అందుకే మనుషులు ఏరే బదులు ఒక ద్రవమే ఏరి పెడితే ఎట్లుంటదని ఆలోచన వచ్చింది.

ఆ ఆలోచన మన రైతులకు కొత్తదేం కాదు. వడ్లు అలుకుడుకు ముందు బకెట్ నీళ్ళల్ల కల్లుప్పు కలుపుకుంట పోయి, దాంట్ల ఏసిన కోడిగుడ్డు పైకి తేలి రూపాయి బిళ్ళంత భాగం బయటికి కనబడేదాక కలిపి, అప్పుడు విత్తనం పోస్తే తాలు పైకొస్తది, గట్టి గింజ అడుక్కు పోతది. కోడిగుడ్డు ఇక్కడ కొలత సాధనం, ఉప్పు నీళ్ళు జల్లెడ. చేప గుడ్ల కాడ కూడ సూత్రం ఇదే, వేరు చెయ్యాల్సిన రెండింటి సాంద్రతలకు నడుమ ఉండే ద్రవం తయారు చేసుకుంటే తేలికైంది పైకి, బరువైంది కిందికి. కానీ తాలుకు గట్టి గింజకు తేడా బాగనే ఉంటది, చేప గుడ్డుకు దాని పక్కనున్న నీళ్ళకు తేడా చూస్తే డెసిమల్ తర్వాత మూడో అంకెల దొరుకుతది. పైగా వడ్ల గింజ ఆ పది నిమిషాల్ల మారదు, చేప గుడ్డు మారతది. ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకుంటే ఎవలు ఎందుకు ఏ ద్రవం వాడుతున్నరో, ఒకరికి పనిచేసింది ఇంకొకరికి ఎందుకు పనిచేస్తలేదో అంతా వాటికెళ్ళే వస్తది.

ముందు అంకెలు చూద్దాం. మంచి నీళ్ళు 4 డిగ్రీల దగ్గర మిల్లీలీటరుకు 1.000 గ్రాము, 25 డిగ్రీలకు 0.997. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న సముద్రం నీళ్ళు 1.025 దగ్గర. చేప నూనె, కొవ్వు 0.90 నుంచి 0.93. కండ 1.05 దాటుతది. ఇసుక 2.65, నత్తల పెంకు 2.7 పైనే. డయాటమ్‌లు (ఒక రకం పాచి) కంటికి కనబడనంత చిన్నయైనా వాటికి సిలికా పెంకు ఉంటది కాబట్టి సైజుకు మించి బరువు. సైక్లాప్స్ జాతివి నీళ్ళకంటే కొంచెం బరువు, తిండి తిని ఒంట్ల నూనె బొట్టు పెట్టుకున్నయి జర తేలిక. అంటే ఇసుక, పెంకులు తీసేసుడు ఏ ద్రవంతోనైనా అయితది, దానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అసలు లొల్లంతా మెత్తటి ఒళ్ళున్న వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీసే కాడనే.

ఇగ సముద్రం గుడ్డు. సార్డిన్, కాడ్ లాంటి చేపల గుడ్డు నీళ్ళల్ల తేలుతది, చానామంది దాంట్ల నూనె బొట్టు ఉంటది అందుకే తేలుతదనుకుంటరు. కొన్నిటికి నూనె బొట్టు ఉంటది నిజమే, కాడ్ గుడ్డుల అది కూడ ఉండదు, అయినా తేలుతది. అసలు కారణం నీళ్ళు. గుడ్డు పెట్టుడుకు కొంచెం ముందు తల్లి కడుపుల ఉన్నప్పుడే గుడ్డుల ఉండే సొన ప్రొటీన్లు కొన్ని విరిగి అమైనో ఆమ్లాలు అయితయ్, అవి నీళ్ళను లోపలికి గుంజుతయ్, చివరికి గుడ్డు బరువుల 90 శాతం పైన నీళ్ళే అయితయ్. ఆ నీళ్ళు తల్లి ఒంట్లకెళ్ళి వచ్చినయ్ కదా, చేప ఒంట్ల ద్రవంల ఉప్పు సముద్రంతోని పోలిస్తే మూడో వంతు దగ్గరనే ఉంటది. అంటే ఉప్పటి సముద్రంల తక్కువ ఉప్పున్న నీటి బుడగ, తేలక ఏం చేస్తది.

దీనికి మంచి సాక్ష్యం యూరప్‌ల బాల్టిక్ సముద్రం. అక్కడ నీళ్ళల్ల ఉప్పు చాలా తక్కువ, పైపొరల అయితే మరీ తక్కువ. బాల్టిక్ కాడ్ గుడ్డు ఉప్పు లీటరుకు 11 గ్రాముల కంటే తక్కువున్న పొరల నిలబడలేక కిందికి జారుతది, ఇంకా కిందికి పోతే ఉప్పు దొరుకుతది కానీ ఆక్సిజన్ ఉండదు, ఈ రెండింటి నడుమ సన్నటి పొర ఏదైతే ఉందో దాంట్ల నిలబడ్డ గుడ్లే బతుకుతయ్. ఉత్తర సముద్రం నుంచి ఉప్పు నీళ్ళు గట్టిగ లోపలికి వచ్చిన ఏడు ఆ పొర మందం పెరుగుతది, లేని ఏడు కాడ్‌కు కష్టకాలం. ఒక చేప జాతి బాగోగులు సాంద్రత లెక్క మీద ఇంత నేరుగ నిలబడ్డ ఉదాహరణ ఇంకోటి నాకైతే కనబడలేదు.

ఈ సముద్రం లెక్కలు చదివి, గుడ్డంటే తేలేదే అనుకొని కృష్ణ నీళ్ళ సీసా పట్టుకుంటే తలకిందులైతది. బొచ్చె, రవ్వ, మ్రిగాల, మనోళ్ళు చెరువుల్ల ఎక్కువగ పెంచే ఈ మూడింటి గుడ్లు నిలకడ నీళ్ళల్ల అడుక్కే పోతయ్. తల్లి కడుపుల ఉన్నప్పుడు ఆ గుడ్డు ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటది, నీళ్ళల్ల పడ్డంక పైపొరకు లోపలి గుడ్డుకు నడుమ నీళ్ళు నిండి నాలుగు, ఐదు మిల్లీమీటర్లదాక ఉబ్బుతది. అడ్డం మూడింతలు అయ్యిందంటే ఘనపరిమాణం 27 ఇంతలు. ఉబ్బక ముందు గుడ్డు సాంద్రత నీళ్ళకంటే 0.07 ఎక్కువ అనుకుందాం, ఆ ఎక్కువ బరువంతా ఇప్పుడు 27 ఇంతల జాగల పరుచుకుంది కాబట్టి తేడా 0.0026కు దిగుతది. అంటే నీళ్ళకంటే బరువే, కానీ ఎంత కొంచెమంటే నది కొద్దిగ కదిలినా లేచి కొట్టుకపోతది. గడ్డి చేప గుడ్లు కూడ ఇదే రకం, నిలకడ నీళ్ళల్ల సెకనుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతయ్, మీటరు లోతు అంటే రెండు నిమిషాలు కూడ పట్టదు. దిగి బురదల కూరుకుంటే ఊపిరాడక చస్తయ్.

హ్యాచరీలల్ల గుండ్రటి సిమెంట్ తొట్టి కట్టి నీళ్ళు ఆగకుంట తిప్పేది దీనికే, చైనీస్ సర్క్యులర్ హ్యాచరీ అంటరు కదా, గుడ్డు కింద పడకుంట నదిని తొట్టిల పెట్టుడన్నమాట. నదిల అయితే గుడ్డు పొదగడానికి మన వానాకాలం వేడికి 14 నుంచి 18 గంటలు పడతది, నీళ్ళు సెకనుకు అర మీటరు చొప్పున పారుతున్నయ్ అనుకుంటే 16 గంటల్ల ఆ గుడ్డు దగ్గర దగ్గర 29 కిలోమీటర్లు కిందికి పోయి ఉంటది. ఆ దారిల రిజర్వాయర్ వెనుక నీళ్ళు తగిలినయంటే వేగం పోతది, గుడ్డు కూడ బురదతోపాటే కిందికి దిగుతది. 1955ల పని మొదలుపెట్టి 1967ల కాలువలకు నీళ్ళిచ్చిన నాగార్జునసాగర్ అయినా, దానికి పైనున్న శ్రీశైలం అయినా, నిలకడ నీళ్ళల్ల పైపైన వల గుంజి గుడ్లు లేవనుకునుడు తప్పు, ఉన్నయేమో అడుగున చూడాలె.

మళ్ళ అదే నీళ్ళల్ల కొర్రమీను ఉంది, మన తెలంగాణ రాష్ట్ర చేప. దాని గుడ్డుల పెద్ద నూనె బొట్టు ఉంటది, అది మంచి నీళ్ళల్లనే పైకి తేలి పసుపు పచ్చగ గుంపుగ ఉంటది, తల్లిదండ్రులు కింద కాపలా ఉంటయ్. బంగారు తీగ గుడ్డు అయితే అటూ కాదు ఇటూ కాదు, జిగురుతోని నాచుకు, గడ్డికి అతుక్కుంటది, ప్లాంక్టన్ వలల పడుడే అరుదు. ఒక్క డిండి చెరువుల, ఒక్క మూసీ ప్రాజెక్టుల ఈ మూడు రకాలూ ఉండొచ్చు, అందరికీ కలిపి గుడ్డు సాంద్రత ఇంత అని ఒక అంకె చెప్పుడు కుదరదు.

ఇంకో గందరగోళం బరువుకు వేగానికి నడుమ ఉంది, దీన్ని విడదీయాలె. సీసాల అంతా కలిపి నిలబెడితే ముందుగ కిందికి పోయింది ఎక్కువ సాంద్రత ఉన్నదే అనుకుంటరు, అది సగమే నిజం. 1851ల స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ప్రకారం చిన్న గోళం దిగే వేగం సాంద్రత తేడాతోని పెరుగుతది, సైజుతోని అయితే వర్గంగ పెరుగుతది. సాంద్రత ఒకటే ఉన్న రెండు కణాలల్ల 0.2 మిల్లీమీటర్లది 0.1 మిల్లీమీటర్ల దానికంటే నాలుగింతలు స్పీడుగ దిగుతది. అంటే కొంచెమే బరువున్న పెద్ద గుడ్డు, బాగా బరువున్న సన్న డయాటమ్ కంటే ముందు అడుక్కు చేరొచ్చు. నిలబెట్టి ఇన్ని నిమిషాలకు ఇంత దిగింది అని వేరు చేసే పద్ధతిల సైజు, సాంద్రత రెండూ కలిసిపోయి ఉంటయ్. ద్రవం సాంద్రతను సరిగ్గ నడుమ పెట్టి, ఎంతసేపైనా ఆగి, ఏది ఏ పొరల ఆగిందో చూసే పద్ధతిల సైజు సంగతి ఉండదు, సాంద్రత ఒక్కటే మాట్లాడతది. మొదటిదాన్ని చేసి రెండోది చేసినమనుకునేటోళ్ళు మస్తు మంది.

ద్రవాలకొస్తే, మొదటిది ఉప్పు. చవక, ఎక్కడైనా దొరుకుతది, నీళ్ళల్ల 10 శాతం కలిపితే సాంద్రత 1.07 దగ్గరికి వస్తది. రెండోది చక్కెర, 20 శాతం కలిపితే 1.08, 30 శాతానికి 1.12 దాటుతది, వాగుల్ల అడుగున ఉండే పురుగుల్ని ఇసుక నుంచి విడదీయడానికి చక్కెర పాకం చాన్నాళ్ళ నుంచి వాడుతున్నరు. ఈ రెండింటితో తకరారు ఏందంటే ఆస్మాసిస్, అంటే గాఢత తక్కువున్న దిక్కు నుంచి ఎక్కువున్న దిక్కుకు పొరలకెళ్ళి నీళ్ళు పోవుడు. 20 శాతం చక్కెర నీళ్ళు మంచినీటి చేప ఒంట్ల ద్రవం కంటే రెండింతలు గాఢం, 10 శాతం ఉప్పు అయితే పదింతలు దాటుతది. బతికున్న గుడ్డును దాంట్ల ఏస్తే లోపలి నీళ్ళు బయటికొచ్చి ముడుచుకుంటది, ముడుచుకుంటే సాంద్రత పెరుగుతది, అంటే కొలవబోయిన వస్తువును మనమే మార్చేస్తున్నం. చచ్చిన గుడ్డు అయినా బొచ్చె, రవ్వ లాంటి వాటి పైపొరల కెళ్ళి ఉప్పు, చక్కెర మెల్లగ లోపలికి పోతయ్, ఆ గుడ్డుల ఎక్కువ జాగ ఆ ఉబ్బిన నీళ్ళదే కదా, ఆ నీళ్ళు కాస్త పాకం అయిపోతే అప్పుడిదాక తేలిన గుడ్డు మళ్ళ మునుగుతది. అందుకే చక్కెరల ఏసినప్పుడు తేలిన వాటిని వెంటనే తీసుకోవాలె, చాయ తాగి వచ్చి చూద్దామంటే నడవదు.

ఈ తలనొప్పికి మందుగ వచ్చింది సిలికా ద్రవం. లూడాక్స్ అనేది డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన సరుకు, అసలు వాడకం పరిశ్రమలల్ల, నీళ్ళల్ల సిలికా రేణువులు కరగకుంట తేలియాడుతుంటయ్, రకాన్ని బట్టి రేణువు సైజు 12 నానోమీటర్లో 22 నానోమీటర్లో ఉంటది, 40 శాతం ఉన్న రకం సాంద్రత 1.3 దగ్గర. దీన్ని నీళ్ళతోని పలుచన చేసి కావాల్సిన అంకెకు తెచ్చుకోవచ్చు. గొప్పతనం ఎక్కడుందంటే, ఆస్మాటిక్ ఒత్తిడి కరిగిన కణాల సంఖ్య మీద ఆధారపడతది, వాటి బరువు మీద కాదు. 1.08 సాంద్రత రావాలంటే చక్కెర అణువులు ఎన్ని కావాలో, 12 నానోమీటర్ల సిలికా రేణువులు దాంట్ల సుమారు ఐదు వేలో వంతు చాలు. బరువు అంతే వచ్చింది, ఒత్తిడి లెక్కకు రానంత తగ్గింది, ఆ ద్రవం గట్టిపడకుంట కలిపే కొంచెం సోడియం సంగతి పక్కన పెడితే. ఒట్టి లూడాక్స్ క్షార గుణంతోని ఉంటది, బతికున్న వాటికి మంచిది కాదు. బతికున్న జీవకణాల కోసం 1970ల చివర్ల ఫార్మసియా కంపెనీ పెర్కాల్ తెచ్చింది, అదే సిలికా రేణువు మీద పాలీవినైల్‌పైరోలిడోన్ అనే పాలిమర్ పూత, సీసాల సాంద్రత 1.130, ధర మాత్రం చెరువు నీళ్ళు పరీక్ష చేసే బడ్జెట్‌కు అందేది కాదు. ఫార్మలిన్‌ల (శాంపిల్ కుళ్ళకుంట పోసే మందు) ఉన్న సీసాలకు లూడాక్స్ చాలు, పెర్కాల్ దండగ.

లూడాక్స్‌ది ఒక బలహీనత ఉంది, మా నల్లగొండోళ్ళు దీన్ని గట్టిగ గుర్తుపెట్టుకోవాలె. సిలికా రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంట దూరం ఉంటయ్ కాబట్టే అది ద్రవంగ ఉంటది, ఉప్పు తగిలితే ఆ నెట్టుడు తగ్గి అన్నీ అతుక్కొని జెల్ అయితది, సోడియం కంటే కాల్షియం, మెగ్నీషియం ఈ పని ఇంకా తొందరగ చేస్తయ్. సముద్రం శాంపిల్‌ను మంచి నీళ్ళతోని బాగా కడగకుంట దీంట్ల ఏస్తే జెల్ అయ్యే ప్రమాదం అందుకే. మన దగ్గర సముద్రం లేదు కదా అని నిశ్చింతగ ఉండొద్దు, బోరు నీళ్ళు ఉన్నయ్. కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్ళతోని లూడాక్స్ పలుచన చేస్తే కాసేపటికి గడ్డలు కట్టొచ్చు, ఆ గడ్డల గుడ్డు ఇరుక్కుంటే ఇగ సాంద్రత లేదు ఏం లేదు. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకోటి వాడొద్దు. పక్కమాట ఒకటి, నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీయడానికి నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తెచ్చిన పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది, దాంట్ల పటిక, సున్నం ఏసి కావాలనే గడ్డలు కట్టించి కిందికి దింపుతరు. నీళ్ళ శాస్త్రంల మన జిల్లా పేరు గడ్డకట్టించుడుకు నిలబడ్డది, మన ఈ పనికి కావాల్సింది దానికి సరిగ్గ ఉల్టా.

ఫార్మలిన్ సంగతి చెప్పకుంట ముందుకు పోలేం. పుస్తకాలల్ల ఉండే గుడ్డు సాంద్రత అంకెలు చానావరకు బతికున్న గుడ్డువి. నదిల తీసిన శాంపిల్ అక్కడనే ఫార్మలిన్‌ల పడతది, ప్రొటీన్లు గట్టిపడతయ్, లోపల ఉప్పును ఆపి పెట్టే పొరలు పని చెయ్యవు, బయట ఏ ద్రవం ఉంటే లోపల కూడ మెల్లగ అదే నిండుతది. సముద్రం గుడ్డు అయితే దాని తేలే శక్తి అంతా ఈ పొర మీదనే ఉంది కాబట్టి ఫార్మలిన్‌ల అది మునుగుతది. అంటే సముద్రంల తేలిన గుడ్డు సీసాల అడుగున దొరుకుతది, దాన్ని పైకి లేపాలంటే ఇంకో ద్రవం కావాలె. మన కృష్ణ గుడ్డుకు ఈ తేడా అంత కొట్టొచ్చినట్టు ఉండదు, ఎందుకంటే అది ముందే చుట్టూ ఉన్న నీళ్ళతోని నిండి ఉంది.

పిల్లల విషయంల మాత్రం రెండు పొరలు చూడాలె. గుడ్డు పగిలి బయటికొచ్చిన మొదటి రోజుల్ల పిల్లకు సొన సంచి ఉంటది, గాలి తిత్తి ఉండదు, ఎముక ఇంకా గట్టిపడలేదు. మూడో రోజు అటూ ఇటూ అది పైకొచ్చి గాలి మింగి తిత్తి నింపుకుంటది. తిత్తి నిండిన పిల్ల ఫార్మలిన్‌ల పైన తేలుతది, నిండనిది మునుగుతది, జాతి ఒకటే, తల్లి ఒకటే కావొచ్చు. పైన తేలినవి మాత్రమే తీసి లెక్క రాస్తే ఆ నదిల రెండు రోజుల పిల్లలే లేవని తేలుతది, తప్పు నదిది కాదు.

ఇగ పైన తేలేటోళ్ళల్ల దొంగలు ఉంటరు. డాఫ్నియా పెంకుకు నీళ్ళు అంత తొందరగ అంటవు, నీళ్ళ పైపొర తగిలిందంటే అక్కడనే ఇరుక్కుంటది, గాలి బుడగ కూడ పట్టుకుంటది, సాంద్రత ఎంతున్నా పైననే ఉంటది. రెండు చుక్కల ఆల్కహాలో, చాలా పలుచటి సబ్బు నీళ్ళో ఏస్తే దిగుతది. ఇంకోటి మైక్రోసిస్టిస్, ఎండాకాలం చెరువుల మీద పచ్చటి పెయింట్ పోసినట్టు కనబడే నీలి ఆకుపచ్చ పాచి. దాని కణాలల్ల గాలి గదులు ఉంటయ్, అందుకే తేలుతది. ఒత్తిడి పెడితే ఆ గదులు కూలి మళ్ళ లేవవు, 1895ల క్లెబాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త పాచి నీళ్ళ సీసాకు బిరడా బిగించి దాని మీద సుత్తితోని కొట్టి ఇది చూపించిండు, కొట్టంగనే తేలేదంతా మునిగింది. గాజు సీసా మీద సుత్తి ఆట మనం ఆడొద్దు గని, మూత గట్టిగ ఉన్న సిరంజిల పెట్టి పిస్టన్ నొక్కితే కొంతైనా పని అయితది.

ఉష్ణోగ్రత గురించి ఎక్కువ మాట్లాడరు, మాట్లాడాలె. నీళ్ళు 25 డిగ్రీలకు 0.9970, 35 డిగ్రీలకు 0.9940. తేడా 0.003, అంటే పైన లెక్క కట్టిన కృష్ణ గుడ్డు తేడా కంటే కొంచెం ఎక్కువే. గుడ్డు కూడ ఎక్కువగ నీళ్ళే కాబట్టి రెండూ ఒకే వేడిల ఉంటే కలిసే వ్యాకోచిస్తయ్, అంత భయం లేదు. భయం ఎక్కడంటే ద్రవం పోసిన గాజు సిలిండర్ పై భాగానికి కిటికీల ఎండ తగిలి అడుగు చల్లగ ఉన్నప్పుడు, లేకపోతే 20 డిగ్రీలకు గీతలు పెట్టిన, సాంద్రత చూపించే హైడ్రోమీటర్‌ను మే నెల మధ్యాహ్నం మహబూబ్‌నగర్‌ల ముంచినప్పుడు. హైడ్రోమీటర్ కంటే నమ్మకమైంది తూకం. 100 మిల్లీలీటర్ల వాల్యూమెట్రిక్ ఫ్లాస్క్ గీత దాక నింపి తూచితే సాంద్రతల 0.001 తేడా త్రాసు మీద 0.1 గ్రాము తేడాగ కనబడతది, 0.01 గ్రాము దాక చూపించే త్రాసు కాలేజీ ల్యాబులల్ల ఉంటది.

ఇవన్నీ పెట్టుకొని కృష్ణ శాంపిల్‌కు ఏం చెయ్యాలె అంటే, నా మాట ఒకటే, ముందు సాంద్రత జోలికి పోకండి. ఉబ్బిన బొచ్చె, రవ్వ గుడ్డు 4 మిల్లీమీటర్లు దాటుతది, సైక్లాప్స్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి మెల్లగ నీళ్ళు పోస్తే సగం పని అక్కడనే అయిపోతది, పైన గుడ్లు, ఆకులు, పెద్ద పురుగులు, కింద మిగతాదంతా. పైన మిగిలినదాన్ని చేత్తోనే ఏరొచ్చు. సాంద్రత అక్కరకొచ్చేది జల్లెడ కిందికి పోయిన దాంట్లనే, ఉబ్బని గుడ్లు, చిన్న జాతుల గుడ్లు, సన్నటి పిల్లలు అక్కడుంటయ్. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తోని రెండు మూడు సార్లు కడిగి ఫార్మలిన్ పోగొట్టాలె, ఆ పని గాలి ఆడే జాగల, గ్లవ్స్ ఏసుకొని చెయ్యాలె. తర్వాత 1.15కు తెచ్చిన లూడాక్స్‌ల కలిపి నిలబెడితే ఇసుక, ఒండ్రు, నత్త పెంకులు కింద మిగిలి మెత్తటి ఒళ్ళున్నవన్నీ పైకొస్తయ్. ఒక్కసారికి వదిలెయ్యకుంట అడుగును మళ్ళ కలిపి మళ్ళ నిలబెట్టాలె, రెండోసారి కూడ కొన్ని వస్తయ్. పైకొచ్చినదాన్ని ఇంకా విడదీయాలంటే ఒకే సిలిండర్ల కింద బరువు ద్రవం, పైన తేలిక ద్రవం పొరలు పొరలుగ మెల్లగ పోసి దాని మీద శాంపిల్ వదలొచ్చు, ఏది ఏ పొరల ఆగితే ఆ పొరను పిపెట్‌తోని తీసుకోవాలె. సెంట్రిఫ్యూజ్ (గిరగిర తిప్పే యంత్రం) పెడితే తొందరగ అయితది నిజమే, ఒక మిల్లీమీటరు ఉండే గట్టి సముద్రం గుడ్డుకు మెల్లగ తిప్పితే సరే, ఉబ్బిన మన గుడ్డును మాత్రం తిప్పొద్దు, నలిగి పొరలు చుట్టుకుంటయ్, తర్వాత అది ఏందో ఎవలూ గుర్తుపట్టలేరు. పని అయినంక లూడాక్స్ ఎండకముందే గిన్నెలు, గుడ్లు రెండూ కడగాలె, ఎండితే తెల్లటి సిలికా పెచ్చు కట్టి వదలదు.

పద్ధతి ఎంత మంచిగ పనిచేసిందో తెలుసుకునుడుకు అడుగున మిగిలింది పారబోయొద్దు, కనీసం కొన్ని సీసాలదైనా మైక్రోస్కోప్ కింద పూర్తిగ చూడాలె. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే గుడ్లు లేవని తేల్చుకున్న బురద శాంపిల్ల లెక్కపెట్టిన గుడ్లు కలిపి, మొత్తం పని చేసి, ఎన్ని తిరిగి వచ్చినయో చూడాలె. 50 ఏసి 44 వస్తే ఆ లెక్కనే సరిచేసుకోవచ్చు, 50 ఏసి ఒకసారి 48, ఇంకోసారి 20 వస్తే ఆ పద్ధతి మీద ఏ లెక్కా కట్టొద్దు. శాతం కొంచెం తక్కువైనా ప్రతిసారి ఒకే తీరు ఉండుడు ముఖ్యం.

ఇదంతా పరిశోధన చేసేటోళ్ళ గోల అనుకోకండి, 1957కు ముందు మన దేశంల చేపల పెంపకమే దీని మీద నడిచింది. ఆ ఏడు జులై 10న ఒడిశాల అంగుల్ దగ్గర హీరాలాల్ చౌదరి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు చేప మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి చెరువు చేపతోని గుడ్డు పెట్టించిన్రు, ఇప్పుడు జులై 10ని జాతీయ చేప రైతుల దినంగ చేసుకునేది దాని గుర్తుకే. అంతకుముందు విత్తనం కావాలంటే వరదల నదికి వల కట్టి పారుకొచ్చే గుడ్లు, పిల్లలు పట్టుకొని, చెత్త నుంచి, పనికిరాని చేపల పిల్లల నుంచి ఏరుకునుడే.

చివరగ, ఏరిన గుడ్డు ఏ చేపదో చెప్పాలె కదా. కంటితోని చూసి బొచ్చెదా రవ్వదా చెప్పుడు మహా కష్టం, డీఎన్ఏ చూస్తే తేలిపోతది, కానీ ఫార్మలిన్ డీఎన్ఏను పాడు చేస్తది, డీఎన్ఏ కావాలంటే 95 శాతం ఆల్కహాల్ల పెట్టాలె. ఆల్కహాల్ సాంద్రత 0.81 దగ్గర, అది గుడ్డుల నీళ్ళను తోసేసి తాను నిండుతది, అప్పుడు ఆ గుడ్డు ఏ ద్రవంల ఏసినా మొదట తేలినట్టే ఉంటది, తర్వాత ఆల్కహాల్ బయటికి పోయిన కొద్దీ మునుగుతది, మధ్యల ఎప్పుడు చూస్తే అప్పుడు ఒక అంకె. అందుకే ఒక్క శాంపిల్‌ను నది ఒడ్డునే రెండు భాగాలు చేసి, సగం ఫార్మలిన్ల సగం ఆల్కహాల్ల పెట్టుకునుడు మేలు, సాంద్రత పని మొదటి సగంతోని, పేరు పెట్టే పని రెండో సగంతోని. సీసా లోపల ఏసే చీటీ మీద వల కన్ను సైజు, నీళ్ళ వేడి, ఏది ఎంత శాతం కలిపిన్రు, ఏ రోజు కలిపిన్రు అన్నీ పెన్సిల్‌తోనే రాయండి, పెన్నుతోని రాస్తే ఆల్కహాల్ల సిరా కరిగి చీటీ తెల్లగ మిగులుతది.